చైను లాగాను, జైలుకు పంపుతారా?

ప్రశ్న: విజయవాడలో మా మరిది ఇడ్లీ కోసం దిగాడు. అతను ఎక్కకముందే రైలు కదిలితే చైను లాగాను. పోలీసులు నా పేరు రాసుకున్నారు. జైలు తప్పదా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, నేను గార్డుగా రిటైరయ్యాను కనుక కాస్త కటువుగానే చెబుతాను. 1989 రైల్వే చట్టం 141వ సెక్షన్ ప్రకారం సరైన కారణం లేకుండా చైను లాగితే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటిసారి అయితే సాధారణంగా కనీసం 500 జరిమానా. రెండోసారి దొరికితే మూడు నెలల జైలు తప్పడం కష్టం. పిల్లవాడో, నడవలేని పెద్దవారో కింద ఉండిపోతే అది కారణమే. ఇడ్లీని మేజిస్ట్రేటు ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు!

చైను లాగితే బ్రేకు పైపులోని గాలి బయటికి పోతుంది, బండి ఆగుతుంది. ఆ పెట్టె ఏదో వెతికి, చైను సరిచేసి, పీడనం మళ్లీ నిండేదాకా వెనుక బండ్లూ ఆగాల్సిందే. నోటీసు వస్తే తప్పకుండా హాజరవండి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి. ఇకపై ఎవరైనా ఇలా దిగిపోతే ముందు రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి.