పండ్ల క్యాంపు పెట్టబోయే అబ్బీకి

అబ్బీకి పెదనాయన ఆశీస్సులు.

మాజీ సైనికుల సంఘం పని నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. తొలి మీటింగులోనే పంటి డాక్టర్లను పిలిపించి పండ్ల క్యాంపు పెడదామన్నావంట. షామియానా వేసి, ఫ్లెక్సీ కట్టి, టూత్‌పేస్టు పంచి ఫోటో దిగే క్యాంపయితే మాత్రం వద్దు. అట్లాంటివి నేను మూడు చూసినా. నోరు చూసినారు, చీటీ రాసిచ్చినారు, పోయినారు. ఆ చీటీలు ఇంకా గూట్లోనే ఉండాయి.

మన ముసలోళ్లు నొప్పి లేక ఊరుకుండేది కాదు. యూనిట్లో ఉన్నప్పుడు ఏడాదికొకసారి డెంటల్ ఇన్‌స్పెక్షన్‌కు ఫాలిన్, అంటే వరసలో నిలబడండి అనేవాళ్లు, పోయి నోరు తెరిచేవాళ్లం. ఆర్మీ డెంటల్ కోర్ 1941లో పుట్టింది, మనకంటే పెద్దది. డిశ్చార్జి బుక్కు చేతికొచ్చిన రోజు నుంచి ఆ పిలుపు ఆగిపోయింది. పిలవకుండా పోయే అలవాటు మనకు లేదు కదా. దానికి తోడు మనది సంగటి తినే సీమ. ముద్దను ఊరుబిండిలో అద్ది మింగేదే గానీ నమిలేదేముంది? పండ్లన్నీ రాలినా ఇంట్లో పసిగట్టరు. నాతో పాటు రిటైరైన ఒకాయన రెండేండ్లు జొన్నరొట్టె ముట్టలేదు. కోడలి మీద అలిగినాడనుకున్నారు అంతా.

అందుకే ఇంటింటికీ పోయినప్పుడు ‘పన్ను నొస్తాందా’ అని అడగొద్దు. లేదంటారు. వేయించిన చెనిక్కాయలు జేబులో వేసుకుని పో, నాలుగు గింజలు చేతిలో పెట్టు. తింటే సరే. తర్వాత తింటానని జేబులో వేసుకుంటే ఆయన పేరు రాసుకో.

ఆ పైన కార్డు. పనంతా ఇక్కడే ఉండాది. పింఛనున్న మాజీ సైనికులకూ వాళ్ల ఇంటోళ్లకూ వైద్యం చేయించే ఈసీహెచ్ఎస్ పథకం కార్డు ఇది, ఆ పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది. 1996 జనవరి 1కి ముందు రిటైరైన వాళ్లకు చందా కూడా లేదు. నేను 1994లో వచ్చినోణ్ణి, నాకు పైసా ఖర్చు లేదు. అయినా ఏండ్ల తరబడి చేరలేదు. పింఛనుతో పాటు వచ్చే మెడికల్ అలవెన్సు పోతుందని భయం! ఇప్పుడది నెలకు వెయ్యి రూపాయలు, చేరితే ఆగిపోతుంది, నిజమే. ఆ డబ్బు మీద ఆశతో టౌనులో ఒకాయన దగ్గర ఆరు పండ్లు పీకించుకున్నా. రూట్ కెనాల్ చేసుంటే అందులో మూడన్నా నిలబడేవని తర్వాత ఇంకో డాక్టరు చెప్పినాడు. వెయ్యి రూపాయలు వదులుకోలేమనే వాళ్లకు నా నోరు చూపించు, కావాలంటే నన్నే తీసుకుపో.

ఆడవాళ్లను మరిచిపోతావేమో, గట్టిగా చెప్తాండా. సంఘంలో కుర్చీలేసుకుని కూర్చునేది మగోళ్లమే. మొగుడు పోయినాక ఆ యమ్మ తన పేరున కార్డు మార్పించుకోవాల. చాలామంది పాత కార్డునే కొంగున ముడేసుకుని ఉంటారు. ఇంకో చిక్కు, పింఛను మంజూరు కాగితం పీపీవోలో లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మీదేవి. అట్లుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పో, మన సర్వీసు వివరాలుండే రికార్డు ఆఫీసుకు కాగితాలు ఎట్లా పంపాల్నో చెప్తారు. నెలలు పడుతుంది. కాబట్టి పన్ను కంటే ముందు ఈ పని మొదలుపెట్టు.

ఇంక ప్రయాణం. కడపలో ఉండే ఈసీహెచ్ఎస్ ఆసుపత్రికి, అదే పాలీక్లినిక్‌కు, ఒక్కొక్కణ్ణే పొమ్మంటే పోరు. పోయినా పంటి డాక్టరు ఆ రోజు లేకపోతే మళ్లీ జన్మలో పోరు. అక్కడ డాక్టర్లు కాంట్రాక్టు మీద ఉంటారు, మనిషి మారినప్పుడు కొన్నాళ్లు కుర్చీ ఖాళీగా ఉంటుంది. ముందురోజు ఫోన్ చేసి, ఉన్నాడని తెలుసుకునే బయల్దేరు. నెలకొక రోజు ఖాయం చేసి ఒక జీపు మాట్లాడు. ఎనిమిది మందిని ఎక్కించు, అంతకంటే వద్దు. నువ్వు పిలిచేది పరేడ్ పిలిచినట్టు ఉండాల. ‘కుదిరితే రండి’ అంటే ఎవురూ రారు. ‘ఏడు గంటలకు రచ్చబండ కాడ’ అంటే ఆరున్నరకే నిలబడి ఉంటారు.

చిన్నపని అక్కడే అయిపోతుంది. క్యాపు, కట్టుడు పండ్ల లాంటివాటికి ఒప్పందమున్న ఆసుపత్రికి రిఫరల్ రాసిస్తారు. దానికి గడువుంటుంది, కాగితం చేతికందగానే తేదీ నీ నోటుబుక్కులో రాసుకో. పూర్తి సెట్టుకు కొలత, మైనం బిగింపు, సరిచూడ్డం అని నాలుగైదుసార్లు తిరగాల. రెండోసారికే విసుక్కుని మానేసేవాళ్లే ఎక్కువ. ఒకే పనికి తిరిగేవాళ్లను ఒకే జీపులో వెయ్యి. ఒకరి మాట విని ఇంకొకరు పోతారు.

వాడే మాత్రలన్నీ స్ట్రిప్పులతో సహా సంచిలో వేసుకురమ్మను. గుండెకు రక్తం పలచబడే మాత్ర వాడేవాళ్లు ఆ సంగతి చెప్పకుండా పన్ను పీకించుకుంటే రక్తం ఆగక అవస్థ. అట్లని సొంతంగా మాత్ర ఆపేదీ లేదు, డాక్టరు చెప్పాల. షుగరున్న వాళ్లకు చిగుళ్లు త్వరగా చెడతాయి, వాళ్లను ముందు జీపులోనే ఎక్కించు. ఖైనీ పెట్టే వాళ్ల బుగ్గ లోపల తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ ఉంటే నెల దాకా ఆగొద్దు, మరుసటి రోజే తీసుకుపో. పల్లెల్లో బోరు నీళ్ల ఫ్లోరైడుతో పచ్చగా, గుంటలు పడిన పండ్లుంటాయి. అవి నొప్పి పెట్టకపోతే తొందర లేదు.

పింఛను లేకుండా మధ్యలో వచ్చేసినోళ్లు మన దగ్గర ఉండారు. మామూలుగా వాళ్లకు ఈ కార్డు రాదు. వాళ్లను కడపలోనే ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు తీసుకుపో. అక్కడ పిల్లలు నేర్చుకుంటా చేస్తారు, పెద్ద డాక్టర్లు పక్కనుంటారు. టైము పడుతుంది, పని మాత్రం బాగుంటుంది. నీ జీపులో రెండు సీట్లు వాళ్లకు ఉంచు. యుద్ధం మాటొచ్చినప్పుడు వాళ్లూ మనోళ్లే అంటాం కదా.

వచ్చే నెల జీపు ఖాయమైతే ముందే కబురు చెయ్యి. నా కింది సెట్టు కరుస్తాంది, సరిచేయించుకోవాల. ముందు సీటు నాకే.

మీ పెదనాయన