బండి తర్వాత, ముందు మెట్ల సంగతి చూడు

కీర్తీ,

నువ్వు మళ్ళీ ఉద్యోగంలో చేరుతున్నావని, గచ్చిబౌలిలో ఒక్కదానివే ఉంటావని, బండి కూడా తీస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. తలకు అంత దెబ్బ తగిలిన పిల్ల ఏడాది తిరక్కుండా ఇంత మాట అందంటే గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మందులు మానకు. నిద్ర చెడగొట్టుకోకు. డాక్టర్ సరేననేదాకా బండి తాళం ముట్టుకోకు, రాయదుర్గం నుంచి మెట్రో ఉంది.

నా టెన్షన్ బండి గురించి కాదు, మెట్ల గురించి. మీ అమ్మ పంపిన ఫోటోలన్నిట్లో నీ తల ఓ పక్కకి వాలి ఉంది. మీ అమ్మ అది ఫోజనుకుంటోంది. కంటిని కిందికి తిప్పడానికి సాయపడే సన్నటి నరం ఒకటుంది, తల దెబ్బల్లో అది తరచూ దెబ్బతింటుంది. అప్పుడు కిందికి చూస్తే ఒకే మెట్టు రెండుగా, ఒకదాని మీద ఒకటిగా కనపడుతుంది. ఆ రెండూ కలవాలని తల దానంతటదే వాలుతుంది. నీకూ అదేనని నేననను. డాక్టర్ని అడుగు. అడక్కపోతే మాత్రం నేనే వచ్చి అడుగుతాను, నీ పరువు పోయినా సరే.

మీ పెదనాన్నకి స్ట్రోక్ వచ్చినప్పుడు కాలూ చెయ్యీ పడిపోలేదు, మాట పోలేదు. అదృష్టవంతుడన్నారు అందరూ. ఇంటికొచ్చాక టీ కప్పు బల్ల మీద పెడుతున్నాననుకుని బల్లకి బెత్తెడు ఇవతలే వదిలేసేవారు. గడప రాకముందే కాలెత్తేవారు. ఓ కంటి క్లినిక్‌కి తీసుకెళ్ళాం. ఒక కన్ను మూసి అక్షరాలు చదివించారు, తర్వాత రెండోది మూసి. చివరి వరుసదాకా గడగడా చదివేశారు. "సిక్స్ బై సిక్స్, కళ్ళు భేషుగ్గా ఉన్నాయి" అని కొత్త అద్దాలు అంటగట్టి పంపారు. దాంతో ఇంట్లో అందరూ పరధ్యానం అనేశారు. ఆయనా నమ్మేసి, నలుగురిలో టీ తాగడం మానేశారు. టీ లేనిదే పొద్దు గడవని మనిషి!

సైన్సు టీచర్ని కదా, కోపం చల్లారాక పుస్తకాలు తిరగేశాను. రెండు కళ్ళకీ మధ్య ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఎడముంటుంది. అందుకే ఒకే వస్తువు ఒక్కో కంటికి కాస్త తేడాగా కనపడుతుంది. ఆ తేడాని బట్టి లోతు లెక్కగట్టేది మెదడు, ముఖ్యంగా తల వెనక భాగం. రెండు కళ్ళ నుంచీ కబురందుకునే కణాలు అక్కడున్నాయని చూపించిన హ్యూబెల్, వీసెల్‌లకు 1981లో నోబెల్ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలైన సైనికుల్ని పరీక్షించిన గోర్డన్ హోమ్స్, వస్తువులు కనపడుతున్నా వాటిలో ఏది దగ్గరో చెప్పలేనివాళ్ళ గురించి 1918లోనే రాశాడు. ఇక ఒక్కో కన్నూ మూసి చూస్తే ఈ లోపం ఎక్కడ బయటపడుతుంది?

తర్వాత వేరేచోట ఒకమ్మాయి నల్లద్దాలు పెట్టించి, పెద్ద ఈగ బొమ్మున్న పుస్తకం ముందుంచి, రెక్క పట్టుకోమంది. నేను పెట్టుకుని చూస్తే ఈగ కాగితం మీంచి లేచి నిలబడింది, వేళ్ళు గాల్లోనే ఆగాయి. ఆయన వేళ్ళు తిన్నగా వెళ్ళి కాగితానికి తగిలాయి. "బొమ్మని పట్టుకోడమేంటి?" అన్నారు.

రెండు కళ్ళూ తెరిచి చేసే ఆ పరీక్షే నువ్వు అడిగి చేయించుకో. బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్‌కి వెళ్తావో, మెహదీపట్నం సరోజినీ దేవికి వెళ్తావో నీ ఇష్టం, స్కాన్ కాగితాలు మాత్రం పట్టుకెళ్ళు. నరం ఇబ్బందైతే కొందరికి నెలల్లో తగ్గుతుంది, రెండుగా కనపడేదాన్ని ఒకటిగా కలిపే ప్రిజం అద్దాలూ పనికొస్తాయి. మెదడులోని లెక్కే చెడితే అద్దాలు దాన్ని తిరిగి తేలేవు. అప్పుడు నీడలు, ఏది దేనికి అడ్డొస్తోందో, తల కదిపితే ఏది ఎక్కువ జరుగుతోందో చూసి పోల్చుకోవాలి. పెదనాన్న ముందు ఎడమచేత్తో బల్ల అంచు తడిమి, ఆ వేళ్ళ పక్కన కప్పు దించేవారు. మళ్ళీ నలుగురిలో కూర్చున్నారు.

నువ్వూ మెట్ల అంచులకి పసుపు టేపు వేయించుకో. సలసల కాగే నూనె జోలికి ఇప్పుడే పోకు. దిగేటప్పుడు రెయిలింగ్ వదలకు, చేతిలో ఫోనుంటే చంపేస్తాను.

రూమ్ ఇంకా ఖాయం కాకపోతే గ్రౌండ్ ఫ్లోర్‌లో చూడు. అడ్వాన్స్ ఎక్కువడిగితే తక్కువైంది నేనిస్తాను, మీ నాన్నతో చెప్పక్కర్లేదు.

మీ పెద్దమ్మ