శనివారం ట్రాక్టరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, శుక్రవారం రాత్రి బస్సెక్కి పలమనేరుకో, ముళబాగిలుకో, హిందూపురానికో వెళ్లి, ఆదివారం సాయంత్రానికి తిరిగివచ్చే పాఠకులు రాసినవే. ఇలాంటి వారి ట్రాక్టర్లకు సేద్యపు పనికన్నా ఖాళీగా నిలబడటమే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఆ మీదట, ఉన్న రెండు రోజులలోనే అన్నీ విప్పి బాగుచేయాలన్న తొందర మరికొంత చేస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారి హెచ్.ఎం.టి. 2511 ట్రాక్టరు, ఆయన పోయిన తరువాత మూడేళ్లుగా పలమనేరు దగ్గర మా పల్లెలో కొట్టం కింద కదలకుండా ఉంది. గొలుసు కట్టి తన బండితో లాగితే అదే స్టార్టవుతుందని మా చిన్నాయన అంటున్నారు. లాగించవచ్చునా? ఈ బండికి సామాన్లు ఇంకా దొరుకుతాయా? (వైట్‌ఫీల్డ్ పాఠకుడు)

మీ చిన్నాయన గారి అనుభవాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గానీ, ఈ ఒక్కసారికి ఆ గొలుసును గోడకే ఉండనివ్వండి. మూడు వానాకాలాలు కదలకుండా గడిపిన ఇంజనులో పిస్టన్ రింగులు తుప్పు పట్టి సిలిండరు గోడకు అతుక్కొని ఉండవచ్చు, లేదా ఏదో ఒక వాల్వు తెరుచుకున్న చోటే బిగుసుకుపోయి ఉండవచ్చు. అటువంటి ఇంజనును మరో ట్రాక్టరు బలంతో తిప్పితే రింగు విరుగుతుంది, లేకపోతే పుష్‌రాడ్ వంగుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం డీజిల్ పంపులో ఉంటుంది. ఇంజనుకు ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించే రాక్ అనే కడ్డీ, పాత డీజిల్ జిగురుకు అంటుకొని పూర్తిగా తెరిచిన స్థానంలో ఇరుక్కుపోయి ఉంటే, ఒకసారి అందుకున్న ఇంజను మీరు స్టాప్ లివరు లాగినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది.

అందువల్ల మొదటి శనివారం స్టార్టు చేయాలన్న ఆలోచనే పెట్టుకోకండి. పొగగొట్టంలో కందిరీగలు, ఎయిర్ క్లీనరులో ఎలుకలు కాపురం పెట్టాయేమో చూసి శుభ్రం చేయండి. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు గిన్నెను కడిగి, లోపల ఉన్న గీత వరకే కొత్త ఆయిల్ పోయండి, ఎందుకంటే గీత దాటితే ఆ ఆయిల్‌ను ఇంజను పీల్చుకుంటుంది. డిప్‌స్టిక్ మీద ఇంజనాయిల్ మట్టం పెరిగి కనిపిస్తే అందులో నీళ్లో డీజిలో కలిసినట్లు, పాలెక్కువైన కాఫీ రంగులో ఉంటే కలిసినవి నీళ్లే అయినట్లు గ్రహించాలి. ట్యాంకులోని డీజిల్‌ను పూర్తిగా దించి, అందులో కొంత గాజు సీసాలో పోసి కాసేపు నిలబెడితే అడుగున తేరిన నీళ్లు కనిపిస్తాయి. ఇక 2511కు ఉన్నవి రెండే సిలిండర్లు కాబట్టి, ఇంజెక్టర్లు రెండింటినీ విప్పి ఒక్కో సిలిండరులో రెండు మూడు చెంచాల ఇంజనాయిల్ పోసి, రాత్రంతా అలాగే వదిలేయండి.

ఆదివారం పొద్దున, ఇంజెక్టర్లు బిగించకముందే, గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకొని క్రాంకు పుల్లీ నట్టుకు పొడుగాటి స్పానర్ వేసి ఇంజనును చేత్తో తిప్పండి. రెండు పూర్తి చుట్లు ఎక్కడా పట్టేయకుండా తిరిగితే, స్టాప్ లివరును లాగి ఉంచి, ఆయిల్ ప్రెషరు ముల్లు కదిలేవరకు సెల్ఫ్ కొట్టండి. ఇంజెక్టర్లను కొత్త రాగి వాషర్లు వేసి బిగించడం, అసలు స్టార్టు చేయడం ఆ తరువాతి మాట. ఆ సమయంలో ఎయిర్ ఇన్‌టేక్ నోటిని పూర్తిగా మూసేంత చెక్క పలక ఒకటి మనిషి చేతిలో సిద్ధంగా ఉండాలి. అదుపు తప్పిన డీజిల్ ఇంజనును ఆపాలంటే దానికి గాలి అందకుండా చేయడమే గట్టి మార్గం. చేయి అడ్డం పెట్టకూడదు, గుడ్డ అసలే పనికిరాదు. నేను ఒకప్పుడు తొందరలో గోనెపట్ట అడ్డం పెట్టి ఇంజను ఆపగలిగాను కానీ, ఆ పీచును ఇన్‌టేక్ మానిఫోల్డులోంచి ఏరడానికి నాకు తరువాతి రెండు ఆదివారాలు పట్టింది.

ఇంజను స్టార్టయినా గేరు పడకపోతే క్లచ్ పాడైందని అనుకోకండి. ఇన్నాళ్లు నిలిచిన బండిలో క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కోవడం మామూలే. ఇంజను ఆపి, గేరులో పెట్టి, ఎదురుగా ఎవరూ లేని చేనులో క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకొని స్టార్టు చేసి, బ్రేకును కొద్దికొద్దిగా తొక్కుతూ పోతే చాలాసార్లు విడిపోతుంది. ఇకమీదట ఎక్కువ వారాలు ఊరికి వెళ్లలేరని తెలిసినప్పుడు, క్లచ్ పెడలును కిందికి తొక్కి కర్రముక్కతో అలాగే నిలిపి రండి.

సామాన్ల సంగతి కొంచెం ఓపికతో కూడినది. బెంగళూరులో పుట్టి, జాలహళ్లిలో గడియారాలు చేసిన హెచ్.ఎం.టి. సంస్థే, చెకోస్లోవేకియాకు చెందిన జెటార్ నమూనాతో 1971లో హర్యానాలోని పింజోరులో ఈ 25 హార్స్‌పవర్ ట్రాక్టరు తయారీని మొదలుపెట్టింది. ఆ విభాగాన్ని మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదం తెలిపింది. కనుక కంపెనీ సామాను కోసం ఎదురుచూడకుండా, పాత ముక్కను సంచిలో వేసుకొని, బెంగళూరులో బండ్ల సామాన్ల దుకాణాలుండే జె.సి. రోడ్డుకు వెళ్లండి. బేరింగు రింగు మీద చెక్కిన నంబరు చూపిస్తే, ఏ ట్రాక్టరుదని చెప్పనక్కరలేకుండానే బేరింగు దొరుకుతుంది. ఆయిల్ సీలుకైతే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అనే మూడు కొలతలు చాలు. బండి పేరు చెప్పి అడిగితే “అది ఆగిపోయింది సార్” అంటారు, నంబరు చెప్పి అడిగితే సామాను బల్ల మీద పెడతారు.

ప్రశ్న: ముళబాగిలు దగ్గర మా చేనులో మాసే ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు దున్నుతూ దున్నుతూ డీజిల్ అయిపోయి ఆగింది. డీజిల్ పోశాక ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోలేదు, చివరకు బ్యాటరీ కూడా దిగిపోయింది. పంపు పోయిందని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? (కె.ఆర్. పురం పాఠకుడు)

పంపును విప్పడానికి అప్పుడే ఒప్పుకోకండి. ట్యాంకు ఖాళీ అయినప్పుడు గొట్టాలలోకి, ఫిల్టర్లలోకి గాలి చేరుతుంది. పల్లెల్లో “ఎయిర్ పట్టింది” అనేది దీనినే. డీజిల్‌ను నొక్కితే అణగదు, గాలి అణుగుతుంది. ఆ కారణంగా పంపు తోసిన ప్రతి తోపునూ మధ్యలోని గాలిబుడగ మింగేస్తుంది, ఇంజెక్టరును తెరవగలిగినంత ఒత్తిడి అక్కడికి చేరదు. ఎంత సెల్ఫ్ కొట్టినా బ్యాటరీయే నష్టపోతుంది.

గాలి తీసే క్రమం ట్యాంకు వైపు నుంచి ఇంజను వైపుకు సాగాలి. ముందు ఫిల్టరు తల మీది చిన్న బోల్టును రెండు చుట్లు వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడు పంపుకు ఉన్న చేతి లివరును కొడుతూ ఉంటే మొదట నురగ, తరువాత బుడగలు, చివరకు తేటగా డీజిల్ వస్తుంది. డీజిల్ కారుతుండగానే బోల్టు బిగించాలి. ఫిల్టర్లు రెండు ఉంటే రెండవదానికీ, ఆ తరువాత ఇంజెక్షన్ పంపు మీది బోల్టుకూ ఇదే పని చేయాలి. చివరగా ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు వదులు చేసి, ఛార్జి చేసిన బ్యాటరీతో సెల్ఫ్ కొడితే నట్ల దగ్గర డీజిల్ చిమ్ముతుంది. అప్పుడు బిగించి స్టార్టు చేయండి. సెల్ఫ్ ఒక్కోసారి 10 సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో అర నిమిషం ఆగండి. ఆ నట్ల దగ్గరకు వేలు పోనీయకండి, ఎందుకంటే ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. అలా జరిగితే గాయం సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంత చేసినా రోజూ పొద్దున ఇదే ఇబ్బంది వస్తుంటే, ట్యాంకుకూ ఫీడు పంపుకూ నడుమ ఎక్కడో గొట్టం చిట్లి గాలి పీలుస్తున్నదని అర్థం. డీజిల్ బయటికి కారదు కాబట్టి అది కంటికి కనబడదు. పంపును పరీక్షించవలసి వస్తే మాత్రం చేనులో విప్పనివ్వకుండా, పంపును కొలిచి సరిచేసే కాలిబ్రేషన్ బెంచి ఉన్న దుకాణానికే ఇవ్వండి. మన ఆడుగోడిలో పెరిగి, 2008లో బాష్‌గా పేరు మారిన మైకో పేరు మీద, ఏ కంపెనీదైనా సరే “మైకో పంపు” అనే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. కొనే ముందు పంపు మీది రేకు చదివి సామాను అడగండి.

ప్రశ్న: ఇంజను వేడెక్కుతోందని మా ఊరి మెకానిక్ థర్మోస్టాట్ తీసేశాడు. ఇప్పుడు ముల్లు పైకి లేవడం లేదు. అలాగే వదిలేయవచ్చునా? (మారతహళ్లి పాఠకుడు)

వదిలేయకూడదు. ఇంజను తగినంత వేడెక్కేవరకు నీళ్లను రేడియేటరుకు పోనీయకుండా ఆపేదే థర్మోస్టాట్. అది లేని ఇంజను వేడెక్కవలసినంత వేడెక్కక, డీజిల్ సరిగా కాలక, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. మొదట వేడెక్కడానికి కారణం చాలావరకు బోరు నీళ్లే అయి ఉంటుంది. ఉప్పదనం ఉన్న ఆ నీటిని ఏళ్ల తరబడి రేడియేటరులో పోస్తే, కాఫీ కెటిలు అడుగున పట్టినట్లే లోపల పెచ్చు కడుతుంది. రేడియేటరు శుభ్రం చేయించి, కూలెంట్‌ను శుద్ధమైన నీటిలో కలిపి పోసి, కొత్త థర్మోస్టాట్ వేయించండి. జల్లికి పట్టిన పొట్టు దులపండి, ఫ్యాను బెల్టు బిగువు చూడండి.

ప్రశ్న: నేను ఆదివారాలు హిందూపురం దగ్గర మా అత్తగారి ఊరిలో ట్రాక్టరు నేర్చుకుంటున్నాను. సీటు పక్కన హైడ్రాలిక్ లివర్లు రెండున్నాయి. ఒకటి పట్టుకుంటే చాలు, రెండవదాని జోలికి పోవద్దని మా మామగారు అంటారు. ఆ రెండవది ఎందుకు? (యలహంక పాఠకురాలు)

మీ మామగారు ఒక లివరుతో ఇన్నేళ్లు సేద్యం నడిపారంటే, ఆయన చేసిన పనులలో ఎక్కువ భాగం దానితో జరిగేవే అయి ఉంటాయి. ఆయన వాడేది పొజిషన్ కంట్రోల్. లివరును ఎక్కడ నిలిపితే పనిముట్టు అంత ఎత్తులో నిలుస్తుంది. రోటవేటరుకు, చదును చేసే పలకకు, పనిముట్టును ఎత్తి దారిలో తీసుకుపోవడానికి అదే సరైనది.

రెండవది డ్రాఫ్ట్ కంట్రోల్. ఇది లోతును కాదు, లాగుడు బరువును చూస్తుంది. మడక గట్టి నేలలో దిగినప్పుడు మడకను పైభాగాన బండికి కలిపే పైలింకు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి లోపలి స్ప్రింగును నొక్కగానే హైడ్రాలిక్ మడకను కొద్దిగా పైకెత్తి, బరువు తగ్గగానే మళ్లీ దించుతుంది. ఎత్తే ఆ క్షణంలో మడక బరువు వెనుక చక్రాల మీద పడుతుంది కనుక అవి జారకుండా నేలను పట్టుకుంటాయి. ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ 1926లో పేటెంటు పొందిన ఆలోచన ఇదే. మాసే ఫెర్గూసన్ పేరులోని రెండవ సగం ఆయనదే.

దీనిలో ఒక చిక్కు కూడా ఉంది. ఒకే చేనులో ఒక పక్క గట్టి గరువు నేల, ఒక పక్క ఇసుక ఉంటే, డ్రాఫ్ట్ లివరును కదిలించకుండా పోయినప్పుడు గరువులో దుక్కి పైపైన, ఇసుకలో లోతుగా పడుతుంది. మీ మామగారు ఎప్పుడో అది చూసి విసిగి ఉండవచ్చు. ఎర్రనేలలో పదును ఉన్నప్పుడు మడకకు డ్రాఫ్ట్ పెట్టి, నేల మారిన చోట లివరును వేలితో కొద్దిగా సర్దుతూ నాలుగు సాళ్లు తోలి, ఆయననే దిగి కొలిచి చూడమనండి. పద్ధతిగా నేర్చుకోవాలంటే అనంతపురం దగ్గరి గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మీకు అది దూరం కాదు. ఒక్క మాట మాత్రం అడగకపోయినా చెబుతాను: రోటవేటరు వంటి పనిముట్లను తిప్పడానికి బండి వెనుక ఉండే పి.టి.ఓ. షాఫ్టు తిరుగుతుండగా దాని దగ్గరకు చున్నీతోగానీ, వదులైన జడతోగానీ పోకండి. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, చెంగు అందితే వెనక్కు లాక్కునే వ్యవధి ఉండదు. మీ మామగారి తువ్వాలుకూ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: ట్రాక్టరు వెనుక మూడు లింకులకు తగిలించే సామాన్ల పెట్టెను స్వయంగా వెల్డింగు చేసుకోవాలని ఉంది. బెంగళూరులో తయారుచేసి ఊరికి తీసుకుపోతాను. కొలతలు చెప్పగలరా? (హొసూరు రోడ్డు పాఠకుడు)

మీ అపార్టుమెంటు సంఘం వారు బాల్కనీలో వెల్డింగు నిప్పురవ్వలను ఎన్ని వారాలు సహిస్తారో నేను చెప్పలేను కానీ, కొలతలు చెప్పగలను. మీది 35 హార్స్‌పవర్ ప్రాంతపు బండి అయి, దాని లింకులు ఒకటవ కేటగిరీ (చిన్న కొలత) వైతే, కింది రెండు పిన్నులు 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19 మిల్లీమీటర్లు ఉండాలి. కింది పిన్నుల నడుమ దూరం 683, కింది పిన్నుల నుంచి పై పిన్ను ఎత్తు 460 మిల్లీమీటర్లు. రెండవ కేటగిరీ అయితే ఈ కొలతలు వరుసగా 28, 25, 825, 610 అవుతాయి. ఇనుము కోసే ముందు ఊరికి ఫోను చేసి, మీ బండి లింకుల రంధ్రాలను కొలిపించి తెలుసుకోండి. కొన్ని బండ్లకు లింకు చివర పిన్ను దూరే బంతులను రెండు కొలతలకూ మార్చుకునే వీలుంటుంది.

పెట్టెను పొడుగు తక్కువగా, వెడల్పు ఎక్కువగా చేయండి. బరువు వెనక్కు జరిగేకొద్దీ ముందు చక్రాలు తేలిపోతాయి, తేలిన చక్రాలకు స్టీరింగు పనిచేయదు. మొత్తం బరువులో కనీసం ఐదవ వంతు ముందు చక్రాల మీద నిలవాలి. చాలకపోతే ముందు భాగాన బరువు దిమ్మెలు తగిలించాలి. పెట్టెను బండికి తగిలించాక ఏదైనా అతుకు మళ్లీ వేయవలసివస్తే, ముందుగా బ్యాటరీ తీగలు, ఆల్టర్నేటరు తీగలు విప్పండి. ఆ పెట్టెలో ఎరువు బస్తాలు పెట్టుకోవచ్చు, డ్రిప్పు పైపులు పెట్టుకోవచ్చు. పిల్లలను మాత్రం, వాళ్లు ఎంత మారాం చేసినా, ఎక్కించుకోకండి.