కనపడని బటన్, పలికే ఊరు

ప్రశ్న: కోనసీమ పటం బొమ్మతో యాప్ చేస్తున్నాను. రాజోలు మీద నొక్కితే ఆ ఊరి వివరాలు రావాలి, బటన్ కనపడకూడదు. ఇన్‌విజిబుల్ పెడితే నొక్కినా పలకట్లేదు. – ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: పలకదండీ. ఇన్‌విజిబుల్ అంటే ఆండ్రాయిడ్ ఆ బటన్‌కి టచ్ అందనివ్వదు. విజిబుల్‌గానే ఉంచి, పైన అక్షరాలు తీసేసి, బ్యాక్‌గ్రౌండ్ ట్రాన్స్‌పరెంట్ చేయండి. ఆల్ఫా (బటన్ ఎంత గాఢంగా కనపడాలో చెప్పే విలువ) సున్నా పెట్టినా ఆండ్రాయిడ్‌లో పనిచేస్తుంది కానీ ఐఫోన్‌లో చేయదు, ఆ అలవాటు వద్దు. బటన్ సైజు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర మీది కొలత) ఉండాలి. పని పూర్తయ్యేదాకా బటన్‌కి లేత ఎరుపు రంగు వేసుకోండి, రాజోలు బటన్ గోదావరి పాయ దాటి నరసాపురం మీద పడిందేమో తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం మరవొద్దు: బటన్ సెట్టింగుల్లోని కంటెంట్ డిస్క్రిప్షన్‌లో ఊరి పేరు రాయండి. చూపులేనివాళ్లకి టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్‌లో తెర మీది విషయం పలికే సదుపాయం) చదివి వినిపించేది అదే. వాళ్లదీ కోనసీమే కదా!