ఇంటిల్లిపాదీ రక్తం ఇమ్మన్నారు, పరిశోధనకట. ఇవ్వాలా వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒడిశాలోని బరంపురంలో ఉంటారు. తొమ్మిదేళ్ళ బాబుకు జలుబు, జ్వరం వచ్చినప్పుడల్లా మూత్రం ముదురు ఎరుపులో వస్తోంది. డాక్టరు గారు ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ (కిడ్నీని, చెవిని, కంటిని దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) అనుమానం అని చీటీ మీద రాశారు. పెద్దాసుపత్రికి వెళ్తే బాబుదే కాదు, మీ ఇద్దరిదీ, పాపదీ, వీలైతే మీ అమ్మగారిదీ రక్తం కావాలన్నారు. "పరిశోధన" అనేసరికి మీకు టెన్షన్ పట్టుకుంది. పిల్లాడి మీద మందులు ప్రయోగిస్తారేమో అని.

రక్తం ఇవ్వండి. నేను పర్లాకిమిడి వాణ్ణి, మా చెల్లెలి కొడుక్కి ఇదే జబ్బు, మా ఇంట్లో అందరం ఇచ్చాం. కానీ ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో తెలుసుకుని పెట్టండి, ఎందుకంటే ఆసుపత్రిలో పరిశోధన అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు పనులు నడుస్తాయి. ఒకటి, జబ్బు ఉన్న కుటుంబాల వివరాలు రాసుకోవడం, జన్యువులు చదవడం. ఇందులో పిల్లాడి ఒంట్లోకి కొత్తగా వెళ్ళేది ఏమీ లేదు. సూది గుచ్చి కొంచెం రక్తం తీస్తారు, పాత రిపోర్టులు జెరాక్స్ తీసుకుంటారు, అప్పుడప్పుడూ ఫోన్ చేసి ఎలా ఉన్నాడని అడుగుతారు. రెండోది మందు పరీక్ష, అంటే క్లినికల్ ట్రయల్. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి రకం.

అయినా నా మాట మీద ఉండిపోకండి, అక్కడే అడగండి. "ఇందులో మందు ఏమైనా ఇస్తారా?" అన్నది మొదటి ప్రశ్న. ఇస్తామంటే సీటీఆర్‌ఐ నంబరు అడగండి. మన దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్ట్రీ అది. 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. మందు ట్రయల్స్‌కి 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వర్తిస్తాయి: రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. రెండు రకాల్లోనూ మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగకూడదు. ఇది మీ హక్కు, వాళ్ళ దయ కాదు.

మాకు ఇచ్చిన ఫారం ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. మా చెల్లికి ఒడియా చదవడం వచ్చు గానీ ఆ ఫారంలో ఉన్నది బడిలో నేర్చుకున్న ఒడియా కాదు. తెలుగు వచ్చిన నర్సమ్మను పిలిపించి పేరా పేరా చదివించుకున్నాం. విసుక్కున్నారా అంటే కొంచెం విసుక్కున్నారు. ఫరవాలేదు, మనకు అర్థమయ్యే భాషలో చెప్పించుకోవడం మన హక్కే. ఇంకోటి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా అడగాలి, పన్నెండేళ్ళ వరకు నోటి మాట చాలు. మా వాడు ఎన్ని సూదులని అడిగాడు. ఒకటే అన్నారు. సరే అన్నాడు.

ఇక ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మన సరిహద్దులో ఎవరికి కిడ్నీ పోయినా "ఉద్దానం జబ్బే" అని తేల్చేస్తారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట మనకు కూతవేటు దూరం, చుట్టరికాలన్నీ అటే, కాబట్టి అలా అనుకోవడం సహజం. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కూడా పెట్టారు. ఉద్దానంలో ఎందుకు వస్తోందన్నది ఇంకా తేలలేదు. నీళ్ళు, ఎండలో పని, పురుగుమందులు, ఇలా చాలా వైపుల నుంచి చూస్తున్నారు. కానీ దాని తీరు వేరు. అది ఎక్కువగా పనిచేసే వయసు పెద్దవాళ్ళలో చప్పుడు లేకుండా వస్తుంది, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా ఉండదు. చిన్నపిల్లాడి మూత్రంలో రక్తం పడుతుంటే, పైగా వినికిడి కూడా తగ్గుతుంటే, నీళ్ళ మీద నెపం పెట్టి ఊరుకోకూడదు. అమెరికా పరిశోధకులు 3,315 మంది కిడ్నీ రోగుల జన్యువులు చదివిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. దాదాపు తొమ్మిది శాతం మందిలో జన్యు కారణం దొరికింది. మన దగ్గర ఆ శాతం ఎంతో గానీ, అందరినీ ఉద్దానం ఖాతాలో వేసేస్తే ఒక్కరిదీ దొరకదు.

మా ఇంట్లో కారణం దొరికింది ఇలా. జెనెటిక్ కౌన్సెలర్ ఒక తెల్ల కాగితం తీసుకుని వంశవృక్షం గీయడం మొదలుపెట్టింది. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం, జబ్బు ఉన్నవాళ్ళకు నలుపు. "మీ తరంలో కిడ్నీ జబ్బు ఎవరికైనా ఉందా?" అని మా అమ్మను అడిగితే లేదంది. "చెవుడు?" అని అడిగింది. మా అమ్మ వెంటనే "మా చెవిటి అన్నయ్య ఉండేవాడు కదా" అంది. నాకు ఊహ తెలిసేనాటికే ఆయన లేడు. ఇంట్లో ఆయనను చెవిటి మావయ్య అనే అనేవారు, అసలు పేరు చెబితే ఎవరికీ గుర్తు రాదు. ఎలా పోయాడంటే "ఒళ్ళంతా ఉబ్బిపోయి, పాతికేళ్ళు దాటకుండానే" అంది. కౌన్సెలర్ ఆ చతురస్రం నల్లగా నింపి, దాని పక్కన ఉన్న మా అమ్మ వృత్తంలో సగం నింపింది. అక్కడి నుంచి గీత మా చెల్లికి, చెల్లి నుంచి వాడికి. నా చతురస్రం తెల్లగానే ఉండిపోయింది. చెవుడు, ఉబ్బు రెండూ ఒకే జబ్బని మా అమ్మకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కాబట్టి మీరు వెళ్ళేముందు పుట్టింటి వైపు పెద్దవాళ్ళను కిడ్నీ గురించి ఒక్కటే అడిగితే సరిపోదు. చిన్న వయసులో చెవుడు ఎవరికి వచ్చింది, ఉబ్బి ఎవరు పోయారు, చిన్న వయసులోనే కంటి ఆపరేషన్ ఎవరికి అయింది, ఇవి అడగండి.

జబ్బు సంగతి క్లుప్తంగా. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నటి పొర ఉంటుంది, జల్లెడ అనుకోండి. ఆ జల్లెడ అల్లిక టైప్ ఫోర్ కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో అయింది. అదే ప్రొటీన్ లోపలి చెవిలో, కంటి కటకం మీది పొరలో కూడా ఉంటుంది, అందుకే మూడూ కలిసి దెబ్బతింటాయి. దాన్ని తయారు చేసే జన్యువులు మూడు: సీఓఎల్4ఏ3, ఏ4, ఏ5. ఈ మూడోది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లికి ఆ తేడా ఉంటే ప్రతి బిడ్డకూ, మగైనా ఆడైనా, సగానికి సగం అవకాశం. తండ్రికి ఉంటే కూతుళ్ళందరికీ వెళ్తుంది, కొడుకులకు వెళ్ళదు. మిగతా రెండు జన్యువుల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి తేడా వస్తే జబ్బు తీవ్రంగా వస్తుంది. అందుకే "మీది మేనరికమా?" అని అడుగుతారు. తప్పుపట్టడానికి కాదు, ఏ జన్యువు ముందు చూడాలో తెలియడానికి. మనవాళ్ళు అక్కడ మొహమాటపడి లేదంటారు, అలా అనకండి.

ఇప్పుడు అసలు విషయం, పేర్లు రాసుకుంటే ఒరిగేదేమిటని. యూరప్‌లో ఆల్‌పోర్ట్ కుటుంబాల వివరాలు ఇరవై ఏళ్ళ పాటు ఒక రిజిస్ట్రీలో రాసుకుంటూ వచ్చారు, 283 మందివి. 2012లో వాటిని లెక్క తీస్తే ఒక సంగతి బయటపడింది. రామిప్రిల్ లాంటి ఏసీఈ ఇన్‌హిబిటర్ మాత్ర వాడని వాళ్ళు సగటున 22 ఏళ్ళకే డయాలసిస్‌కి వెళ్ళారు. మూత్రంలో ప్రొటీన్ పోతున్న దశలోనే, కిడ్నీ పనితీరు ఇంకా బాగుండగా మొదలుపెట్టినవాళ్ళకు ఆ వయసు 40 దాకా జరిగింది. కొత్త మందు కాదు, మన వీధి మెడికల్ షాపులో బీపీకి అమ్మే మాత్రే. అందరూ "బీపీ లేని పిల్లాడికి బీపీ మాత్ర ఏమిటి" అని మా చెల్లిని కంగారు పెట్టారు. అది బీపీ కోసం కాదు, ప్రొటీన్ పోకుండా ఆపడానికి. డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకండి. రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) చూస్తూ ఇవ్వాలి, వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఏం చేయాలో ముందే అడిగి ఉంచుకోవాలి. ఆడపిల్లలు పెద్దయ్యాక గర్భం అనుకునే ముందే డాక్టరుతో మాట్లాడి ఆ మాత్ర మార్చుకోవాలి.

ఆ తరువాత జర్మనీలో అదే రామిప్రిల్‌తో పిల్లల మీద ట్రయల్ చేస్తే దొరికినవాళ్ళు 66 మంది. 2020లో వచ్చిన ఫలితంలో జబ్బు ముదరడం తగ్గిన సూచన కనిపించింది గానీ అంత తక్కువమందితో లెక్క గట్టిగా నిలబడలేదు. అరుదైన జబ్బులతో వచ్చే చిక్కే ఇది. ఒక ఊళ్ళో ఒకరు, ఇంకో జిల్లాలో ఒకరు. అందరూ తలుపులేసుకుని కూర్చుంటే ఏ మందైనా పనిచేస్తుందో లేదో ఎప్పటికీ తెలియదు. బ్రిటన్‌లో రాడార్ అనే అరుదైన కిడ్నీ జబ్బుల రిజిస్ట్రీ 2010 నుంచి నడుస్తోంది, పాతిక వేలకు పైగా రోగులు పేర్లు ఇచ్చారు.

మందు ట్రయల్ గురించి కూడా మరీ మురిసిపోకండి. బార్డాక్సొలోన్ అనే మందు వేసుకుంటే కిడ్నీ పనితీరు అంకె పెరిగింది, చాలామంది ఆశపడ్డారు. అంకె పెరగడం వేరు, జబ్బు నెమ్మదించడం వేరు అని అమెరికా ఎఫ్‌డీఏ సలహా కమిటీ 2021 డిసెంబరులో ఏకగ్రీవంగా వద్దంది, 2022లో అనుమతి రాలేదు. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్రను ఆల్‌పోర్ట్ ఉన్న పిల్లల్లో, యువతలో పరీక్షించే ట్రయల్ ఒకటి జర్మనీ వాళ్ళ ఆధ్వర్యంలో పెట్టారు. వాట్సాప్‌లో వచ్చే "కిడ్నీ బాగుచేసే మందు" ఫార్వర్డ్‌లు చూసి దాన్ని సొంతంగా కొని పిల్లాడికి వేయకండి.

జన్యు రిపోర్టు ఆలస్యమవుతుంది, వచ్చాక కూడా కొన్నిసార్లు "అర్థం తేలని మార్పు" అని రాసి ఉంటుంది. అంటే అక్షరం మారింది గానీ అది జబ్బు మార్పో, మన జనంలో మామూలుగా ఉండే తేడానో చెప్పలేకపోయారని. పోల్చి చూసే పాత డేటాలో భారతీయులు తక్కువ. జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద పదివేల మంది జన్యుపటాలు చదివారు, ఆ లోటు కొంత తీరుతోంది. మీ అందరి రక్తం అడగడానికి కారణం కూడా ఇదే: జబ్బు ఉన్నవాళ్ళందరిలో ఆ మార్పు ఉండి, లేనివాళ్ళలో లేకపోతే అనుమానం బలపడుతుంది. ఫారంలో "ఫలితం నాకు తెలియజేయాలి" అన్న గడి ఉందేమో చూడండి. మిగిలిన రక్తం వేరే పరిశోధనలకు దాచుకోవడానికి వేరే గడి ఉంటుంది, అది మీ ఇష్టం.

మీ గురించీ, పాప గురించీ ఒక మాట. ఇదివరకు ఆడవాళ్ళను "వాహకులు (జబ్బును మోసేవాళ్ళు) మాత్రమే, వాళ్ళకేం కాదు" అనేవారు. అది నిజం కాదని ఇప్పుడు తెలుసు, కొందరికి వయసు మీద కిడ్నీ దెబ్బతింటుంది. మా చెల్లి మూత్రంలో కంటికి కనపడని రక్తం ఉంది, ఇప్పుడు తనూ ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటోంది. "రేపు అవసరమైతే నా కిడ్నీ ఇస్తాను" అని తల్లులందరూ అంటారు. ఆ జన్యు తేడా మీలోనూ ఉంటే మిమ్మల్ని దాతగా తీసుకోవడానికి డాక్టర్లు చాలా ఆలోచిస్తారు, చివరి దారిగానే చూస్తారు. ఆ లెక్క తేలడానికి కూడా మీ రక్తం కావాలి.

ఇక తిరుగుడు సంగతి. ఆంధ్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం మన ఒడిశా కార్డు మీద నడవదు, విశాఖ వెళ్ళాక అది తెలిస్తే గొడవ. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి ఆ జాబితాలోని ఆసుపత్రుల్లో రాష్ట్రం దాటినా అడ్మిషన్‌కి పనికొస్తుంది, ఓపీలో రాసే జన్యు పరీక్షకు రాదు. అధ్యయనంలో చేరితే ఆ పరీక్ష ఖర్చు వాళ్ళే పెట్టుకుంటారా అన్నది గట్టిగా అడగండి, మాకు అలాగే కలిసొచ్చింది. మనవాళ్ళలో సగంమంది కాట్పాడి రైలెక్కి వెల్లూరు పోతారు, మంచిదే. తెలుగులో తీరిగ్గా మాట్లాడుకోవాలంటే హైదరాబాదులో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం), నిమ్స్ ఆసుపత్రి కలిసి 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రంగా ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా ముందు ఇక్కడే బాబుకు ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించి ఆ గ్రాఫ్ పట్టుకెళ్ళండి. మా వాడి గ్రాఫ్‌లో గీత ఎడమ వైపు, అంటే బొంగురు శబ్దాల దగ్గర, మామూలుగా ఉండి, కీచు శబ్దాల వైపు వచ్చేసరికి గీత కిందికి జారింది. క్లాసులో వినడం లేదని టీచరు తిట్టేది అందుకే.

నొప్పులకు ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు, సూదులు బాబుకు వద్దు, జ్వరానికి పారాసిటమాల్ చాలు. రిపోర్టుల ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, జెరాక్స్ ఇవ్వండి. సంతకం పెట్టిన ఫారం కాపీ ఒకటి తెచ్చుకోండి, అందులో అధ్యయనం చూసే డాక్టరు ఫోన్ నంబరు, ఎథిక్స్ కమిటీ నంబరు రెండూ ఉండాలి.