చిన్నీ, కొండెక్కే ముందు ఇది చదువు

చిన్నీ,

అలిపిరి నుంచి నడిచే కొండెక్కుతానని మొక్కుకున్నావట, మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. పదకొండేళ్ళప్పుడు మొదటిసారి ఇన్సులిన్ సూది చూసి నా కొంగు పట్టుకుని ఏడ్చిన పిల్లవి. ఇప్పుడు 3,550 మెట్లు ఎక్కుతానంటుంటే ఎంత గర్వంగా ఉందో! ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది, రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. ఎండ ముదరకముందే బయల్దేరు. చెప్పుల్లేకుండా నడుస్తావు కాబట్టి పైకి చేరగానే అరికాళ్ళు చూసుకో. ఇన్సులిన్ ఎంత తగ్గించాలో మీ డాక్టరు గారిని అడుగు, అది నేను చెప్పే లెక్క కాదు. ఆ పూట సూది తొడకి మాత్రం వేసుకోకు. మెట్లెక్కుతున్న కాలికి రక్తం బాగా పారుతుంది, మందు తొందరగా ఎక్కేస్తుంది. పొట్టకి వేసుకో.

ఇక మీ పెదనాన్న సంగతి. నువ్వు పుట్టకముందు మాట, నీకెవరూ చెప్పి ఉండరు. ఆ రోజు ఆయన రోజూ వేసుకునే ఇన్సులిన్ మొత్తం వేసుకున్నారు, తిన్నది రెండిడ్లీలు. అలిపిరిలో సామాను తీసుకుని పైకి చేరుస్తారు కదా, బరువెందుకని మా సంచి అక్కడ ఇచ్చేశారు. గ్లూకోజ్ పొట్లం అందులో ఉంది. "చేతిలో పెట్టుకోండి" అంటే, "పొద్దున్నే తిన్నాంగా, ఏం కాదులే" అన్నారు.

గాలి గోపురం దాకా బాగానే ఎక్కారు. ఆ తర్వాత దారి చదునుగా ఉంటే గోవిందా గోవిందా అంటూ నాకంటే ముందు నడిచారు. మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు వణకడం మొదలైంది. అక్కడ ఎవరికి వణకవు? పక్కన కూర్చున్న వాళ్ళంతా పిక్కలు పిసుక్కుంటున్నారు. ఈయనా కూర్చుని, "కండరాలు పట్టేశాయి, కాసేపు ఆగితే సర్దుకుంటుంది" అన్నారు. ఆగాం. సర్దుకోలేదు. నీళ్ళ సీసా మూత తిప్పబోతే వేళ్ళు జారిపోతున్నాయి. నేను అందుకోబోతే విదిలించి కొట్టారు. నా మీద ఏనాడూ గొంతు పెంచని మనిషి చిన్నీ ఆయన! మెడ మీద చెయ్యి వేస్తే చల్లగా, తడిగా ఉంది. మాట ముద్దగా వస్తోంది. పక్క కొట్టతను పరుగున కూల్ డ్రింక్ తెచ్చాడు. అప్పటికింకా మింగగలుగుతున్నారు కాబట్టి గుక్క గుక్కగా తాగించాను. పావుగంట తర్వాత నా మొహం చూసి, "ఎందుకేడుస్తున్నావ్?" అని అడిగారు.

అందుకే చెప్తున్నాను, మెట్ల వణుకు వేరు, షుగర్ పడిపోయే వణుకు వేరు. మెట్ల వణుకు తొడల్లో, పిక్కల్లో ఉంటుంది, మంట పుడుతుంది, కూర్చుంటే నెమ్మదిస్తుంది. షుగర్ వణుకు కాళ్ళతో ఆగదు. చేతివేళ్ళకి వస్తుంది, పెదాలు తిమ్మిరెక్కుతాయి, చల్లని చెమట పడుతుంది, ఉన్నట్టుండి ఆకలి, ఊరికే చిరాకు. ఇంత చెప్పినా ఈ గుర్తుల్ని నమ్ముకుని కూర్చోకు. ఎక్కేటప్పుడు చెమట, గుండెదడ అందరికీ ఉంటాయి, వాటి చాటున అసలుది తెలియకుండా పోతుంది. ముందురోజు ఒకసారి షుగర్ పడిపోయి ఉంటే మర్నాడు ఒళ్ళు ఆ హెచ్చరికలు కూడా సరిగ్గా ఇవ్వదు. అలా జరిగితే ప్రయాణం వాయిదా వెయ్యి, స్వామి ఎక్కడికీ పోడు.

అనుమానం రాగానే ఆగి, వేలు తుడుచుకుని మీటర్లో చూడు. నీ చేతికి అంటించుకున్న షుగర్ సెన్సర్ మంచిదే, కానీ షుగర్ వేగంగా పడుతున్నప్పుడు అది కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు నాలుగు చెంచాల పొడి, నీళ్ళలో కలిపి తాగు. పావుగంట ఆగి మళ్ళీ చూడు. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ తాగు. మీటరు అందుబాటులో లేకపోతే ముందు గ్లూకోజే. లడ్డూ, చాక్లెట్ అప్పటికి పనికిరావు. నెయ్యి, కొవ్వు ఉంటాయి కదా, తీపి రక్తంలోకి చేరేసరికి ఆలస్యమవుతుంది. పొట్లం నీ నడుముకే ఉండాలి, స్నేహితురాలి సంచిలో కాదు. నీతో వచ్చేవాళ్ళకి కూడా చెప్పి ఉంచు: నువ్వు స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి.

ఉపవాసంతో ఎక్కుతానని కూడా అన్నావట. ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది. ఎవరు నేర్పారే నీకీ బుద్ధి? చిన్నప్పుడు అన్నమయ్య ఆకలితో సొమ్మసిల్లింది ఆ మోకాళ్ళ పర్వతం మీదేనట. అలమేలుమంగమ్మ వచ్చి ప్రసాదం తినిపించిందని చెప్తారు. ఆకలితో ఉన్న పిల్లకి అన్నం పెట్టే తల్లి, తినొచ్చావని నీ మీద కోపగిస్తుందా? కడుపునిండా తిని బయల్దేరు తల్లీ. నీ మొక్కు నడవడం, పస్తుండడం కాదు.

దర్శనానికి వెళ్ళేముందు ఫోన్ ఇచ్చెయ్యాలి. నీ సెన్సర్ రీడింగ్ ఫోన్లోనే కదా? ఇచ్చేముందు ఒకసారి చూసుకో. క్యూలో ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేం, గ్లూకోజ్ బిళ్ళలు దగ్గరుంచుకో.

నాకు అన్నిటికంటే భయం ఆ రాత్రి. కష్టపడ్డ కండరాలు తర్వాత కూడా గంటల తరబడి చక్కెర లాగుతూనే ఉంటాయి, ఒక్కోసారి మర్నాటి దాకా. పడుకునే ముందు చూసుకో, రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని మళ్ళీ చూసుకో. గదిలో ఒంటరిగా పడుకోకు. ఆ రెండింటికి నేనూ మేలుకునే ఉంటాను, ఎంతుందో మెసేజ్ పెట్టు.

మీటర్లో పెట్టే స్ట్రిప్పులు సరిపడా ఉన్నాయో లేదో ఈ రోజే లెక్క చూసుకో. లేకపోతే చెప్పు, పెదనాన్న కొని పంపిస్తానంటున్నారు.

మీ పెద్దమ్మ