ఏడాది గడువు ఏ రోజు నుంచి?

ప్రశ్న: మాది గాజువాక. పది నెలల కిందట ఒక ఆదివారం రాత్రి, ఆటో నడిపే మా అబ్బాయిని పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లి కొట్టారు. మంగళవారం సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెట్టారు. పన్నెండు రోజులు జైల్లో ఉన్నాడు. పోయిన నెల కేసు కొట్టేశారు. ఇప్పటికీ రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. పరిహారం దావాకు మూడేళ్ల టైమ్ ఉందట కదా? తెలిసిన డాక్టరు పాత తేదీతో గాయాల సర్టిఫికెట్ ఇస్తానన్నారు. తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, మూడేళ్లన్న మాట నమ్మి కూర్చోకండి. అక్రమ నిర్బంధానికి పరిహారం అడిగే గడువు ఏడాదే. అది కేసు కొట్టేసిన రోజు నుంచి మొదలవదు, జైలు నుంచి వచ్చిన రోజు నుంచీ కాదు. రిమాండ్ రాశాక మీ అబ్బాయి ఉన్నది కోర్టు ఉత్తర్వు మీద. పోలీసులు జవాబు చెప్పాల్సింది అంతకు ముందు రెండు రాత్రులకు. కాబట్టి ఆ మంగళవారం నుంచే లెక్క, మీకు మిగిలింది రెండు నెలలు. దెబ్బలకు వేసే దావాకూ ఏడాదే గడువని వాళ్లు వాదిస్తారు, అదీ ఇప్పుడే కలిపి వేయండి. తప్పుడు కేసు పెట్టారన్న దావాకు మాత్రం కొట్టేసిన రోజు నుంచి ఏడాది ఉంది. కానీ కేసు కొట్టేస్తే చాలదు, కక్షతో పెట్టారని రుజువు చేయాలి.

అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. అయితే అరెస్టు మెమోలో ఏ తేదీ, ఏ టైమ్ రాశారో మీ ఉత్తరంలో లేదే! సోమవారం రాత్రి అని ఉంటే, ఆదివారమే తీసుకెళ్లారని మీరే నిరూపించాలి. ఆటో స్టాండులో చూసినవాళ్లు, పక్క షాపు కెమెరా, ఆ రాత్రి మీరు చేసిన ఫోన్లు, వీటిలో ఏదీ పది నెలలుగా భద్రం చేయకపోవడం పెద్ద అజాగ్రత్త. స్టేషన్ కెమెరాల ఫుటేజీ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. దాన్ని భద్రపరచమని కమిషనర్ ఆఫీసుకు ఈరోజే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

డాక్టరు ఇస్తానన్న సర్టిఫికెట్ ముట్టుకోవద్దు. దొంగ సాక్ష్యం పుట్టించినందుకు 7 ఏళ్ల వరకు జైలు పడొచ్చు, నిజంగా తగిలిన దెబ్బలనూ ఎవరూ నమ్మరు. మీకు కావాల్సింది అరెస్టప్పటి వైద్య పరీక్ష కాపీ, అడవివరం సెంట్రల్ జైల్లో చేర్చుకున్నప్పుడు గాయాలు రాసిన రికార్డు. కొట్టారా అని మేజిస్ట్రేటు అడిగితే అబ్బాయి ఏం చెప్పాడో రిమాండ్ కాగితాల్లో చూడండి. భయపడి లేదని ఉంటే ఈ రెండే దిక్కు.

సివిల్ దావాకు ముందు కలెక్టరుకు, ఆ అధికారులకు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలు గడువులోంచి మినహాయిస్తారు, నోటీసు మాత్రం గడువు లోపే అందాలి. మానవ హక్కుల కమిషన్‌కూ ఏడాదిలోపే రాయాలి. జైలు రికార్డులో గాయాలుంటే హైకోర్టులో రిట్ కూడా వేయొచ్చు, అక్కడే పరిహారం ఇచ్చిన సందర్భాలున్నాయి. ఫీజు భారమైతే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, దావా వేసేది అబ్బాయి కాబట్టి, అతని ఆదాయం వాళ్ల పరిమితి లోపు ఉంటే అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు. వెళ్లేటప్పుడు అబ్బాయిని, అరెస్టు మెమోను వెంట తీసుకెళ్లండి.